ఫిల్లింగ్ మందుకు గడువు తేదీ, ఫిల్లింగ్‌కు ఆయుష్షు: రెండూ ఒకటి కావు

"జనవరికల్లా నా పంట్లోది కూడా పాడైపోతుందేమిట్రా?"

మా అక్క ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. దవడ పన్ను పుచ్చితే ఫిల్లింగ్ చేయించుకుంది. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు పక్క ట్రేలో ఉన్న నల్ల సిరంజి కనిపించిందట. దాని మీద గడువును సూచించే ఇసుక గడియారం బొమ్మ, ఆ పక్కనే వచ్చే జనవరి తేదీ. డాక్టర్ గారిని అడగడానికి మొహమాటపడి, ఇంటికొచ్చాక టెన్షన్ పెట్టుకుంది.

ఈ అనుమానం చాలామందికి వస్తుంది. మందు డబ్బా మీద తేదీ చూసి కొనే అలవాటు మనకు బాగానే వచ్చింది. పంట్లో పెట్టే పదార్థాన్ని మాత్రం మనం కొనం, చూడం, దాని పేరు కూడా తెలియదు. పైగా ఇప్పుడు వెండి ఫిల్లింగ్ వాడకం ఆపేయాలని ప్రపంచ దేశాలు ఒప్పందానికి వచ్చాయి. దాంతో "మరి తెల్ల ఫిల్లింగ్ అన్నేళ్లు ఉంటుందా?" అన్న ప్రశ్న కూడా ముందుకొచ్చింది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాలంటే ముందు రెండు మాటలను విడదీసుకోవాలి.

గడువు దేనికి, ఆయుష్షు దేనికి

సిరంజి మీద వేసే తేదీ లోపలున్న పచ్చి పదార్థానికి సంబంధించింది. ఆ తేదీ వరకు, చెప్పిన చల్లదనంలో, మూత బిగించి ఉంచితే, ఈ పేస్టు మేం చెప్పినట్టే గట్టిపడుతుంది అని తయారీదారు ఇచ్చే హామీ అది. ఫిల్లింగ్ ఆయుష్షు అంటే పంట్లో గట్టిపడిన తర్వాత అది ఎన్నేళ్లు ఊడకుండా, విరగకుండా, అంచుల్లో మళ్లీ పుచ్చు పట్టకుండా నిలుస్తుందన్నది.

ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు బస్తా సంగతి తెలిసిందే. గోడౌన్‌లో నెలల తరబడి పడి ఉంటే చెమ్మ తగిలి గడ్డకడుతుంది. అదే సిమెంటుతో సరైన సమయంలో కట్టిన గోడ మాత్రం బస్తా గడువుతో పని లేకుండా దశాబ్దాలు నిలుస్తుంది. అక్క పంట్లో ఉన్నది ఇప్పుడు గోడ. జనవరి తేదీ సిరంజిలో మిగిలిపోయిన పేస్టుకే.

అయితే ఈ రెంటికీ అసలు సంబంధమే లేదనుకుంటే కూడా తప్పే. అవి ఒక్కచోట కలుస్తాయి: ఫిల్లింగ్ పెట్టిన ఆ కొద్ది నిమిషాల్లో. ఆ సమయానికి సీసాలోని పదార్థం ఎలా ఉందన్నది తర్వాతి ఏళ్ల మీద ప్రభావం చూపుతుంది.

నోట్లో పెట్టే మూడు పదార్థాలు

మన దగ్గర "సిమెంట్ పెట్టించుకున్నా" అనే మాట అన్నిటికీ వాడేస్తాం. నిజానికి ఎక్కువగా వాడేవి మూడు రకాలు.

మొదటిది అమాల్గమ్, అదే వెండి ఫిల్లింగ్. బరువులో దాదాపు సగం పాదరసం, మిగతాది వెండి, తగరం, రాగి కలిసిన పొడి. ఇది పంటికి అంటుకోదు. గుంతను పైన ఇరుకుగా, లోపల వెడల్పుగా చెక్కి అందులో బిగిస్తారు. అందుకోసం మంచి పంటిని కూడా కొంత పోగొట్టుకోవాలి.

రెండోది కాంపోజిట్. పంటి రంగులో ఉండేది, నీలం లైటు వేసి గట్టిపరిచేది ఇదే. అమెరికాలో రాఫెల్ బోవెన్ 1962లో పేటెంట్ పొందిన రెజిన్, అంటే గట్టిపడితే ప్లాస్టిక్‌లా మారే జిగురు పదార్థం, దీనికి పునాది. గాజు, సిలికా లాంటి సన్నని రేణువులను ఆ రెజిన్‌లో కలుపుతారు. ఇది తనంతట తాను పంటికి పట్టుకోదు. ముందు ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో పంటిని గరుకు చేసి, బాండింగ్ అనే పల్చటి ద్రవం పూయాలి. ఆసిడ్‌తో గరుకు చేస్తే రెజిన్ పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌ను పట్టుకుంటుందని 1955లో మైకేల్ బ్యునోకోర్ చూపించాడు.

మూడోది గ్లాస్ అయనోమర్. పౌడరును, ద్రవాన్ని కలిపి పెట్టే అసలైన సిమెంటు ఇదే. 1970ల మొదట్లో లండన్‌లో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. పంటిలోని కాల్షియంతో నేరుగా రసాయన బంధం ఏర్పరుచుకుంటుంది, ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. నమిలే ఒత్తిడికి మాత్రం మిగతా రెంటికంటే త్వరగా అరుగుతుంది.

సీసాలో ఉండగా ఏం జరుగుతుంది

అమాల్గమ్ క్యాప్సూల్‌లో పొడి ఒక అరలో, పాదరసం మరో అరలో ఉంటాయి. వాడే ముందు మిషన్‌లో కుదిపి కలిపేదాకా వాటి మధ్య రసాయన చర్య జరగదు. పదార్థం నిలవ గురించి బెంగపడాల్సిన అవసరం దీనితో చాలా తక్కువ.

కాంపోజిట్ అలా కాదు. సిరంజిలోని చిన్న అణువులు ఎప్పుడెప్పుడు ఒకదానితో ఒకటి గొలుసు కట్టుకుందామా అని కాచుకుని ఉంటాయి. వాటిని ఆపి ఉంచడానికి ఇన్హిబిటర్ అనే నిరోధకాన్ని కొద్దిపాటి మోతాదులో కలుపుతారు. వేడికి, వెలుతురుకు అక్కడక్కడ పుట్టే చురుకైన అణువులను అది పట్టి అణిచేస్తుంది. అలా అణిచేస్తూ తనూ ఖర్చవుతుంది. నిరోధకం అయిపోతే పేస్టు మెల్లగా బిగుసుకోవడం మొదలుపెడుతుంది. లైటుకు స్పందించే క్యాంఫర్‌క్వినోన్ అనే పసుపు పదార్థం కూడా అందులోనే ఉంటుంది. నీలం కాంతి తగిలితే అదే గొలుసును ప్రారంభిస్తుంది. సిరంజి నల్లగా ఉండటానికి కారణం ఇదే. మూత తీసి పెద్ద లైటు కింద వదిలేస్తే పైపొర గట్టిపడటానికి ఎక్కువ సేపు పట్టదు.

నా దృష్టిలో అన్నిటికంటే సున్నితమైనది బాండింగ్ సీసా. రోగికి అది కనిపించదు, బిల్లులో దాని పేరు ఉండదు. ఫిల్లింగ్ నిలిచేదీ ఊడేదీ మాత్రం చాలావరకు ఆ పల్చటి పొర మీదే ఆధారపడి ఉంటుంది. అందులో ఎక్కువగా అసిటోన్ గానీ, ఆల్కహాల్ గానీ ఉంటుంది. పంటి లోపలి డెంటిన్ పొర తడిగా ఉంటుంది కాబట్టి, ఆ తడిలోకి రెజిన్‌ను మోసుకెళ్లేది ఆ ద్రావకమే. మూత సరిగా పెట్టకపోతే అది ఆవిరైపోతుంది. మిగిలిన ద్రవం చిక్కబడి, లోపలికి ఇంకకుండా పైపైనే ఉండిపోతుంది. తేదీ ప్రకారం ఆ సీసాకు ఇంకా ఏడాది ఉండొచ్చు. పని మాత్రం సగమే చేస్తుంది.

ఒకే సీసాలో అన్నీ ఉండే కొత్త రకం బాండింగ్‌లకు ఇంకో ఇబ్బంది ఉంది. వాటిలో ఆమ్ల గుణం ఉన్న అణువులు, నీరు కలిసే ఉంటాయి. ఆ నీరే ఆ అణువుల్లోని ఎస్టర్ అనే రసాయన బంధాలను మెల్లమెల్లగా తెంచుతుంది. వేడి పెరిగితే ఇది వేగం అందుకుంటుంది. కొన్నిటిని ఫ్రిజ్‌లో పెట్టమనడం, కొన్నిటిని రెండు సీసాలుగా విడదీసి అమ్మడం వెనక ఉన్న కారణం ఇదే. ఆశ్చర్యం ఏమిటంటే, నోట్లోకి వెళ్లాక బాండింగ్ పొరను ఏళ్ల తరబడి బలహీనపరిచే వాటిలో కూడా నీరే ముఖ్యమైనది. సీసాలో శత్రువు, నోట్లో శత్రువు ఒక్కరే.

గ్లాస్ అయనోమర్‌లో ద్రవం పాలీఆక్రిలిక్ ఆసిడ్. తొలి రోజుల్లో ఇది సీసాలోనే జెల్లీలా గడ్డకట్టేది. తర్వాత ఇటకోనిక్ ఆసిడ్ లాంటి వాటిని జతచేసి ఆ సమస్య తగ్గించారు. ఆసిడ్‌ను ఎండబెట్టి పౌడరులోనే కలిపేసిన రకాలూ వచ్చాయి. ఇప్పటికీ ఈ ద్రవాన్ని మరీ చల్లగా ఉంచితే చిక్కబడే అవకాశం ఉంది. అంటే అన్నిటినీ ఒకే ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరిపోదు. పౌడరుకు మాత్రం చెమ్మ పడదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలం గాలి ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

తేదీని ఎలా తేలుస్తారు, మన ఎండలు దాన్ని ఏం చేస్తాయి

రెండేళ్ల గడువు వేయాలంటే ఊరికే రెండేళ్లు ఎదురుచూడరు. పదార్థాన్ని ఎక్కువ వేడిలో ఉంచి, తక్కువ కాలంలోనే ముసలిదాన్ని చేసి పరీక్షిస్తారు. మరోపక్క మామూలు వేడిలోనూ ఉంచి ఆ అంచనాను సరిచూసుకుంటారు. ఇందులో తరచూ వాడే ముతక లెక్క ఒకటి ఉంది: ప్రతి 10 డిగ్రీలకు రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది.

ఈ లెక్క మన ఊళ్లకు వేసి చూద్దాం. 25 డిగ్రీల్లో 24 నెలలు నిలిచే పదార్థం 35 డిగ్రీల్లో 12 నెలలు, 45 డిగ్రీల్లో 6 నెలలు నిలుస్తుందన్నమాట. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం 45 కొత్త కాదు. ఒక పార్సిల్ ఆ వేడిలో 4 రోజులు వ్యాన్లో తిరిగిందనుకుందాం. లెక్క ప్రకారం 16 రోజుల వయసు మీద పడుతుంది. రెండేళ్ల సరుకుకు అది పెద్ద నష్టం కాదు. అదే సీసా ఏసీ లేని గదిలో, పరికరాలు ఉడికించే ఆటోక్లేవ్ పక్క అలమరలో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా సగటున 35 డిగ్రీల్లో ఉంటే? 3 నెలలు 6 నెలలవుతాయి. ప్రతి వేసవీ ఇలాగే గడిస్తే డబ్బా మీద అంకె అలాగే ఉంటుంది, లోపలి పదార్థం ముందే ముసలిదవుతుంది. కొరియర్ గురించి పడే బెంగలో కొంత ఆ అలమర మీద పెడితే బాగుంటుందని నాకనిపిస్తుంది.

ఇది ముతక లెక్కేనని మళ్లీ చెబుతున్నాను. ప్రతి పదార్థానికీ ఆ రెట్టింపు అలాగే వర్తించదు. లేబుల్ మీద థర్మామీటర్ బొమ్మ పక్కన వేసే అంకెలు, చాలా కాంపోజిట్‌లకు 2 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండేవి, ఎందుకంత ముఖ్యమో మాత్రం ఇది చెబుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజిని వెంటనే వాడటం కూడా కుదరదు. పేస్టు బిరుసుగా ఉంటుంది, చల్లటి దాని మీద గాలిలోని తేమ చేరుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి.

గడువు దాటిన మర్నాడు పాడైపోతుందా

దీని మీద రెండు వాదనలున్నాయి, రెంటిలోనూ పస ఉంది.

ఒక పక్షం వాళ్లు గడువు తేదీ గోడ లాంటిది కాదంటారు. తయారీదారు జాగ్రత్త కోసం కొంత ముందుగానే గీత గీస్తాడు, చల్లగా ఉంచిన కాంపోజిట్ తేదీ దాటిన కొన్ని నెలలకు కూడా బాగానే గట్టిపడుతుంది, పారేస్తే డబ్బూ పదార్థమూ వృథా అన్నది వాళ్ల మాట. ల్యాబ్ పరీక్షల్లో కొన్నిటిలో నిజంగానే పెద్ద తేడా కనబడలేదు. మరికొన్నిటిలో గట్టిదనం తగ్గింది. బాండింగ్ ద్రవాల విషయంలో నష్టం ఎక్కువన్నది రసాయనం చూసినా అర్థమవుతుంది.

రెండో పక్షం వాళ్లు రోగి వైపు నుంచి చూస్తారు. సీసా బయటికి బాగానే కనిపించవచ్చు, లోపల ఎంత చెడిందో క్లినిక్‌లో కొలిచే సాధనం లేదు. ఫిల్లింగ్ రెండేళ్లకే ఊడితే అది సీసా తప్పో, ఉమ్మి తగిలిందో, నమలడం తప్పో ఎవరూ తేల్చలేరు. హామీ లేని పదార్థాన్ని తెలియని మనిషి నోట్లో పెట్టకూడదు అంటారు. మన దేశంలో 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కూడా లేబుల్ మీద తయారీ తేదీతో పాటు గడువు తెలపాలని అంటున్నాయి.

మొదటి వాదన రసాయనశాస్త్రంగా సగం సరైనదే. అయినా నేను రెండో పక్షం వైపే ఉంటాను, ఎందుకంటే రోగికి ఎంచుకునే అవకాశం లేదు. తేదీ లోపు ఉన్నంత మాత్రాన సీసా బాగున్నట్టు కాదన్న సంగతి మాత్రం ఈ వాదోపవాదాల్లో మరుగున పడిపోతోంది.

నోట్లో ఎన్నేళ్లు: నూటికి ఎన్ని మిగులుతాయి

"నీ ఫిల్లింగ్ 10 ఏళ్లు వస్తుంది" అని ఏ పరిశోధనా చెప్పదు. నూరు ఫిల్లింగ్‌లలో ఏటా ఎన్ని దెబ్బతింటున్నాయన్నదే చెబుతుంది.

నెదర్లాండ్స్‌కు చెందిన నీక్ ఓప్డమ్ బృందం 2014లో, వెనకపళ్లకు పెట్టిన కాంపోజిట్‌ల మీద జరిగిన పాత అధ్యయనాలు కొన్నిటిని కలిపి చూసింది. పదేళ్ల లెక్కన ఏటా సగటున 2.4 శాతం దెబ్బతిన్నాయి. అంటే నూరు పెడితే పదేళ్లకు 78 దాకా మిగులుతాయి. అసలు విషయం ఆ సగటు వెనక ఉంది. పుచ్చు అంతగా పట్టని నోళ్లలో ఏటా 1.6 శాతం, ఎక్కువ పట్టే నోళ్లలో 4.6 శాతం. పదేళ్లకు లెక్కేస్తే మొదటి రకం నోళ్లలో నూటికి 85, రెండో రకంలో 62. పదార్థం ఒక్కటే, నోరు వేరు. ఫిల్లింగ్ పెద్దదయ్యేకొద్దీ, పంటి గోడ ఒక్కొక్కటి పోయేకొద్దీ దెబ్బతినే ముప్పు 30 నుంచి 40 శాతం పెరుగుతుందని కూడా అందులో తేలింది.

వెండి, తెలుపు ఫిల్లింగ్‌లను పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద పరీక్షల్లో ఒకటి పోర్చుగల్‌లోని లిస్బన్‌లో పిల్లల మీద జరిగింది. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం 7 ఏళ్లకు అమాల్గమ్‌లు 94.4 శాతం నిలిస్తే, కాంపోజిట్‌లు 85.5 శాతం నిలిచాయి. తేడా ఎక్కువగా ఎక్కడొచ్చిందంటే, అంచుల్లో మళ్లీ పుచ్చు పట్టడంలో. దీన్ని చూసి "వెండిదే గట్టిది" అనేవాళ్లున్నారు. తర్వాత బాండింగ్‌లు మెరుగయ్యాయి, కాంపోజిట్ కోసం పంటిని తక్కువ చెక్కితే చాలు, విరిగితే ఆ ముక్క వరకే అతికించవచ్చు అని జవాబిచ్చేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఒకరు ఫిల్లింగ్ ఆయుష్షు లెక్కేస్తున్నారు, మరొకరు పంటి ఆయుష్షు.

లైటు, ఉమ్మి, ఎనామిల్

కాంపోజిట్‌కు కొంత కాంతి శక్తి అందితేనే లోపలిదాకా గట్టిపడుతుంది. 2 మిల్లీమీటర్ల పొరకు చదరపు సెంటీమీటరుకు 16 జౌళ్లు అన్నది తరచూ చెప్పే అంకె. లైటు చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్లదైతే 20 సెకన్లలో 20 జౌళ్లు ఇస్తుంది, చాలు. అదే లైటు పాతబడి 400కి పడిపోతే 20 సెకన్లలో 8 జౌళ్లే ఇస్తుంది. పైపొర గోటికి గట్టిగానే తగులుతుంది, అడుగున మెత్తగా ఉండిపోతుంది. నిన్న తయారైన సిరంజి వాడినా దీనికి మందు లేదు. పైగా గట్టిపడేటప్పుడు కాంపోజిట్ పరిమాణంలో 2, 3 శాతం ముడుచుకుంటుంది. పంటి గోడల నుంచి లాక్కోకుండా ఉండాలంటే పొరలుపొరలుగా నింపాలి, దానికి ఓపిక, సమయం కావాలి.

బాండింగ్ పూశాక ఒక్క ఉమ్మి చుక్క తగిలినా ఆ చోట పట్టు పోతుంది. పన్ను చుట్టూ రబ్బరు షీటు కట్టేది అందుకే. ఇక నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల సంగతి వేరు. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామిల్ పైపొర ఆసిడ్‌కు సులభంగా లొంగదు, మామూలు కంటే ఎక్కువ సేపు ఆసిడ్ ఉంచాల్సి వస్తుంది. మామూలు పంటికి పెట్టినట్టే పెడితే అక్కడ ఫిల్లింగ్ త్వరగా ఊడే అవకాశం ఉంది.

వెండి ఫిల్లింగ్ వెళ్లిపోతే

పాదరసం మీద మినమాటా ఒప్పందం 2013లో కుదిరింది, 2017లో అమల్లోకి వచ్చింది. భారత్ 2018లో దాన్ని ఆమోదించింది. 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గమ్ వద్దని 2022లో చేర్చారు. 2025 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప, వాడకం ఆపేసింది. అదే ఏడాది నవంబరులో జెనీవాలో జరిగిన సమావేశం 2034 నాటికి అన్ని దేశాల్లో ఆపాలని నిర్ణయించింది.

ఇందుకు ప్రధాన కారణం పర్యావరణం. క్లినిక్ మురుగులోంచి, దహన వాటికల పొగలోంచి పాదరసం నీళ్లలోకి, గాలిలోకి చేరుతుంది. ఇక నోట్లో ఉన్న ఫిల్లింగ్ గురించి భయపడేవాళ్లకు ఒక మాట: 2006లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో, అమాల్గమ్ పెట్టిన పిల్లల మెదడు పనితీరులో మిగతావాళ్లతో పోలిస్తే హాని కనబడలేదు. ఒప్పందం కూడా ఉన్నవాటిని పీకించుకోమని చెప్పడం లేదు.

ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించేవాళ్లు ఖర్చు గురించి, సమయం గురించి చెబుతున్నారు. నిలవ గురించి అంతగా మాట్లాడటం లేదు. అమాల్గమ్ క్యాప్సూల్ ఎండాకాలం అలమరలో పడి ఉన్నా పెద్దగా చెడదు, కరెంటు పోయి ఫ్రిజ్ ఆగినా దానికేమీ కాదు, కాంపోజిట్‌తో పోలిస్తే కాస్త తడి ఉన్నా సర్దుకుంటుంది. దాని స్థానంలో వచ్చే బాండింగ్ సీసా వీటిలో దేన్నీ ఓర్చుకోదు. పట్నంలో ఏసీ క్లినిక్‌కు ఇది లెక్కలోది కాదు. మండల కేంద్రంలో వారానికి రెండు రోజులు తెరిచే పళ్ల గదికి మాత్రం పెద్ద మార్పే.

అలాంటి చోట్ల ముందుకొచ్చేది గ్లాస్ అయనోమరే అని నా అంచనా. 1980ల్లో టాంజానియాలో, డ్రిల్లు, కరెంటు లేకుండా చేతి పరికరాలతో పుచ్చు తీసి నింపే పద్ధతి ఒకటి మొదలైంది. దానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది ఈ సిమెంటునే. దీనికి లైటు అక్కర్లేదు, బాండింగ్ అక్కర్లేదు. చిన్న గుంతలకు బాగా నిలుస్తుంది, రెండు మూడు గోడలు పోయిన దవడ పంటికి అంత భరోసా ఇవ్వదు. పౌడరు సీసాకు మాత్రం ప్రతిసారీ, తీసిన వెంటనే, మూత పడాలి.